కెమిస్ట్రీ క్లాసులో ఐదో కుర్చీ

నా పని కుర్చీలకు పేము అల్లడం. మా కొండ ఊళ్లో ఊగే కుర్చీ లేని ఇల్లు లేదు. ఊగీ ఊగీ నడుమ అల్లిక తెగని కుర్చీ కూడా లేదు. అందుకని పనికి ఎప్పుడూ కొదవ రాలేదు. మాటలు మాత్రం నాకు తక్కువ. చేతులు నడుస్తుంటే నోటితో పనేముంది?

1983లో నా మనవరాలు లిసాంద్రకు బడి చదువు అయిపోయింది. డాక్టరు కావాలని దాని కోరిక. ఇక్కడ డాక్టరు చదువు నేరుగా మొదలవదు. ముందు యూనివర్సిటీలో నాలుగేళ్లు చదవాలి. ఆ నాలుగేళ్లలో వాళ్లు అడిగే కోర్సులన్నీ ఒకదాని తర్వాత ఒకటి పూర్తి చెయ్యాలి. మూడో యేడు చివర ఒక పెద్ద పరీక్ష రాయాలి. అప్పుడు గానీ మెడికల్ కాలేజీ వాళ్లు మన దరఖాస్తు చూడరు. ఇదంతా నేను మూడో తరగతిలో నేర్చుకున్నది కాదు, అది చెబితే తెలిసింది.

బిస్కెట్ల పెట్టె అట్ట ఒకటి విప్పదీసి, దాని మీద నాలుగు గళ్లు గీసింది. గడికొక యేడు. మొదటి గడిలో కెమిస్ట్రీ, బయాలజీ, లెక్కలు. రెండో గడిలో ఇంకో కెమిస్ట్రీ, మొదటిదాని కంటే కష్టమైనది. మూడో గడిలో ఫిజిక్సు, పెద్ద పరీక్ష. నాలుగో గడిలో ఏమీ రాయలేదు, చిన్న ఇల్లు బొమ్మ వేసి పైన ప్లస్ గుర్తు పెట్టింది. ఆ అట్టను నా పనిబల్ల పైన గోడకు కొట్టింది. నేను అల్లుతుంటే వచ్చి నిలబడి వేలితో చూపిస్తూ చెప్పేది.

"మొదటి కెమిస్ట్రీ ఆగస్టులోనే మొదలుపెడతారు తాతా. ఆగస్టు తప్పితే మళ్లీ ఆగస్టే. అది లేకపోతే రెండోది ఇవ్వరు. రెండోది లేకుండా పరీక్ష రాయలేం. మొత్తం ఒక యేడు వెనక్కి పోతుంది."

నాకు అర్థమైంది. పేములో ముందు నిలువు వరస వేస్తాం, తర్వాత అడ్డం, మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం, ఆపైన రెండు ఏటవాలు వరసలు. మొదటి నిలువులో ఒక కంత వదిలేస్తే చివరి ఏటవాలు కుదరదు. ఎంత లాగినా కుదరదు.

వాళ్లమ్మ ప్రొవిదెన్సియా నా కూతురు. ప్రొవి అంటాం. కింద సముద్రం ఒడ్డున చేపలు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో పని. వారమంతా అక్కడే ఉండి శనివారం కొండెక్కి వస్తుంది. ఆ అట్టను చూసి, నాలుగు గళ్లూ వేలితో లెక్కపెట్టి, తన చేతులు కూతురి ముందు చాపింది. ఉప్పునీళ్లకు వేళ్ల సందులన్నీ పగిలి ఉన్నాయి.

"నాలుగేళ్లు ఇవి ఓపుతాయి. ఐదో యేడు అడక్కు. లెక్క తప్పిందా, సెక్రటరీ కోర్సుకి మారిపో. రెండేళ్లలో ఉద్యోగం వస్తుంది," అంది.

లిసాంద్ర సరేనంది. కుదిరిన ఒప్పందం అది. నేను విన్నాను.

ఆగస్టులో ఒక బుధవారం కోర్సులు తీసుకునే రోజు. కంప్యూటర్లు లేవు అప్పుడు. బాస్కెట్‌బాల్ ఆడే పెద్ద హాల్లో కోర్సుకొక బల్ల వేస్తారు, బల్లకొక లైను. బల్ల దగ్గరికి చేరితే కార్డు ఇస్తారు. కార్డు ఉంటే ఆ క్లాసులో చోటున్నట్టు. ఒక్కరే అన్ని లైన్లలోనూ నిలబడలేరు కాబట్టి ఇంటిల్లిపాదీ వస్తారు. అత్తలు, బాబాయిలు, పక్కింటివాళ్లు. ప్రొవికి సెలవు దొరకలేదు. నేను వెళ్లాను.

తెల్లవారగానే సర్వీసు కారులో దిగాం. లిసాంద్ర నా చేతిలో ఒక కాగితం పెట్టి కెమిస్ట్రీ లైన్లో నిలబెట్టింది. లెక్కలకూ బయాలజీకీ అది వెళుతుందట. నా వంతు ముందొస్తే ఈ కాగితం ఇచ్చి కార్డు తీసుకోవాలట. ఏమీ మాట్లాడక్కర్లేదని రెండుసార్లు చెప్పింది. వెళ్లబోతూ "దీవించు తాతా," అంది.

"దేవుడు చల్లగా చూస్తాడు తల్లీ," అన్నాను.

మా దీవిలో పిల్లలందరూ అడుగుతారు అలా. బయటికి వెళుతూ, లోపలికి వస్తూ, పడుకోబోతూ. పెద్దవాళ్లు జవాబు చెబుతారు. అడక్కుండా ఎవరైనా గడప దాటితే ఇంట్లో తగువైందని వీధికంతటికీ తెలుస్తుంది.

నా ముందు ముప్పై మంది దాకా ఉన్నారు. ఎండ రేకుల మీద పడి హాలు ఉడికిపోతోంది. నా వెనక ఒక అమ్మాయి, ఏడో నెల ఉంటుందేమో కడుపు. కాళ్లు వాచి చెప్పుల పట్టీలు లోపలికి దిగిపోయాయి. నేను పక్కకు జరిగాను. వద్దులెండి అంది. వెళ్లమ్మా అన్నాను. పేరు అవిల్డా అని చెప్పింది, ఆమె కూడా డాక్టరు చదువుకేనట. కాసేపటికి ఒక ముసలమ్మ, మనవడి కోసం నిలబడింది, నాకంటే పదేళ్లు పెద్దది. ఆమెకీ జరిగాను. తర్వాత కాలికి పిండికట్టు, చంకల్లో కర్రలు, ఒక కుర్రవాడు. అతనికీ జరిగాను.

అప్పుడు నేను ఆలోచించింది ఏమీ లేదు. కాఫీ కోతల రోజుల్లో సాయంత్రం తూకం దగ్గర లైను కడతాం. చంటిపిల్ల తల్లి, కాలునొప్పి మనిషి, ముసలివాళ్లు వస్తే జరుగుతాం. వాళ్లు అడగరు. వాళ్ల చేత అడిగించుకుంటే సిగ్గు మనకే. ఎంత వెనకబడినా నష్టం లేదు. ఆఖరి బుట్ట తూచేదాకా త్రాసు దించరు. లైనంటే నాకు తెలిసింది అదే. చివరికి చేరేసరికి అయిపోయే లైన్లో నేనెప్పుడూ నిలబడలేదు.

నా వంతు వచ్చింది. బల్ల దగ్గరి ఆవిడ ఖాళీ పెట్టెను బోర్లించింది.

"అయిపోయాయి పెద్దాయనా. ఆఖరి కార్డు ఆ కర్రల అబ్బాయిది."

నేను కాగితం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. లిసాంద్ర వచ్చింది. చేతిలో రెండు కార్డులు, ముఖమంతా నవ్వు. కెమిస్ట్రీది ఏదని అడిగింది. అయిపోయాయన్నాను. ఎలా అయిపోయాయని అడిగింది. నా వెనకావిడ మంచి మాట చెప్పాలనే చెప్పింది.

"మీ తాత దేవుడమ్మా. ముగ్గుర్ని తనకంటే ముందు పంపించాడు."

లిసాంద్ర నా వంక చూసింది. నేను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను.

తిరుగుదారిలో కారులో ఇద్దరం మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం వింత కాదు. అది మాట్లాడకపోవడమే వింత. ఇంటికి వచ్చాక ఉడికిన అరటికాయలు, ఎండుచేప పెడితే రెండు ముక్కలు తిని లేచింది. పడుకోబోతూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. దీవించమంటుందని చూశాను. అనలేదు. లోపలికి వెళ్లి తలుపు చేరవేసింది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి.

శనివారం ప్రొవి వచ్చింది. సంగతి విని చాలాసేపు కాఫీ గిన్నె కడుగుతూ ఉండిపోయింది. కడిగిందే కడిగింది.

"నువ్వు మంచోడివే నాన్నా. ఆ మంచితనాన్ని ఎవరింట్లో వండుకు తినాలో అదొక్కటీ నాకు తెలీదు," అంది చివరికి.

నేను పేము నానబెట్టిన బకెట్టు వంక చూశాను.

"ఏదైనా అను. తప్పయిందను. కాలేదను. గోడకి చెప్పినా ఈపాటికి బదులొచ్చేది."

"తప్పయింది," అన్నాను.

ప్రొవికి ఆ జవాబుతో కోపం దిగలేదు, పెరగనూ లేదు. సెక్రటరీ కోర్సుకు మారడానికి వచ్చే శుక్రవారం కాక ఆపై శుక్రవారం ఆఖరిరోజని చెప్పింది. ఆ రోజు సాయంత్రం ఐదుకు ఆఫీసు కిటికీ మూసేస్తారట. ఎవరైనా క్లాసులో అదనంగా చేరాలన్నా ఆ రోజే ఆఖరు, కాకపోతే దానికి ప్రొఫెసరు సంతకం కావాలి. సంతకం సంగతి వినగానే లిసాంద్ర తలెత్తింది.

సోమవారం క్లాసులు మొదలయ్యాయి. సాయంత్రం లిసాంద్ర వచ్చి నేరుగా నా పనిబల్ల దగ్గరికి నడిచింది. గోడకున్న అట్టను ఊడదీసింది. మేకులు కింద పడ్డాయి. ఏరి నా బల్ల మీద పెట్టింది. ఆ జాగ్రత్త నా గుండెకు తగిలింది.

తర్వాత గడప మీద కూర్చుని, నాతో కాకుండా వీధితో చెబుతున్నట్టు చెప్పింది. కార్డు దొరకనివాళ్లు పదకొండు మంది వెళ్లారట. ప్రొఫెసర్ ఇరిసారి తెల్ల మీసాల మనిషి, కఠినం. లేబొరేటరీలో శనివారం చోటుంది కానీ క్లాసు గదిలో లేదన్నాడట. ఉన్న కుర్చీలెన్నో మనుషులు అంతమందే ఉండాలట. నడిచే దారిలో నిలబడకూడదు, మెట్ల మీద కూర్చోకూడదు, అగ్నిమాపకం వాళ్ల నియమం. ఖాళీ కుర్చీ చూపిస్తే సంతకం పెడతాను, లేకపోతే బయటికి దయచెయ్యండి అన్నాడట. వీళ్లు వరండాలోకి వచ్చి కిటికీ రెక్కల సందుల్లోంచి పాఠం విన్నారట. నల్లబల్ల సగమే కనబడిందట.

"నువ్వు చోటిచ్చిన అమ్మాయి ఉంది చూడు, ఆ కడుపుతో ఉన్నామె," అంది. ఇప్పుడు నా వైపు తిరిగింది. "కిటికీ దగ్గర నన్ను గుర్తుపట్టింది. పాఠం మధ్యలో లేచి బయటికొచ్చి, నా కుర్చీలో నువ్వు కూర్చో, మీ తాత వల్ల వచ్చిందేగా అంది."

చేతిలోని పేము వదిలేశాను. "కూర్చున్నావా?"

"ఎలా కూర్చుంటాను తాతా, అంత కడుపుతో ఆమె నిలబడితే?"

అన్న తర్వాత తన మాట తనకే వినబడినట్టుంది. తల వంచుకుంది. అది చల్లబడిందని కాదు. కానీ గడప మీది నుంచి లేచి నా పక్కన పీట మీదికి వచ్చింది. వచ్చి, దేనికీ సంబంధం లేని సంగతి చెబుతున్నట్టు, ఊరికే అంది.

"గది వెనక మూల ఏడు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి. పాతకాలంవి, పేమువి. అన్నిటికీ కూర్చునేచోట అల్లిక పోయింది. బాగుంటే ఏడుగురం పట్టేవాళ్లం."

మర్నాడు పొద్దున్నే పేము చుట్టలు రెండు, బకెట్టు, సుత్తి, చెక్క సీలల సంచి తీసుకుని కిందికి దిగాను. ఆ పేము మా చర్చి ఫాదరు గారి మూడు ఊగే కుర్చీల కోసం తెప్పించింది. ఫాదరు గారు ఒక నెల బెంచీ మీద కూర్చున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు, ఆదివారం ప్రసంగంలో మాత్రం ఓర్పు గురించి చాలా చెప్పారు.

ఇరిసారి గది తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన బయటికొచ్చి ఎవరు కావాలని అడిగాడు.

"కుర్చీలు," అన్నాను.

అర్థం కాలేదు. గది వెనక మూల చూపించాను. సంచి విప్పి పేము చూపించాను. ఆయన మీసం దువ్వుకున్నాడు. ఆ కుర్చీలు బాగు చేయించమని ఆరేళ్లుగా ఆఫీసుకు ఉత్తరాలు రాస్తున్నాడట. ప్రతి ఉత్తరానికీ జవాబు వచ్చిందట, మనిషి మాత్రం రాలేదట.

"మిమ్మల్ని ఎవరు పంపారు?"

"ఎవరూ లేదు."

"మరి ఎందుకొచ్చారు?"

చెప్పక తప్పింది కాదు. లైను సంగతి, ముగ్గురి సంగతి, కిటికీ దగ్గరి పిల్ల సంగతి, నాకు చేతనైనంతలో చెప్పాను. అంత పొడుగు మాట నేను మళ్లీ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన విని కాసేపు ఆ పాత కుర్చీల వంకే చూశాడు.

"చూడండి పెద్దాయనా, జాలిపడి సంతకం పెట్టమంటే పెట్టను. ఒకరికి పెడితే పదకొండు మందికీ పెట్టాలి. కుర్చీ ఉంటే పెడతానన్నాను. ఆ మాట మీద ఉంటాను. వచ్చే వారం శుక్రవారం క్లాసు మొదలయ్యేసరికి ఎన్ని కుర్చీలుంటే అన్ని సంతకాలు."

ఏడింటిలో రెండింటికి కాళ్లు కూడా చెదలు తిన్నాయి, పనికిరావు. ఐదు మిగిలాయి. సరిగా అల్లితే కుర్చీకి రెండు రోజులు. నాకున్నవి ఆదివారం పోగా తొమ్మిది రోజులు. లెక్క మూడో తరగతివాడికి కూడా తెలుస్తుంది, సరిపోదు.

వరండా చివర నీడలో కూర్చున్నాను. పాత పేము కోసి, కంతలన్నీ పొడిచి శుభ్రం చేసి, మొదటి నిలువు వేశాను. మధ్యాహ్నం లిసాంద్ర వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. సంచీ కింద పెట్టి, మాట్లాడకుండా రెండో కుర్చీ ముందుకు లాక్కుంది. చిన్నప్పుడు నిలువు, అడ్డం నేనే నేర్పాను దానికి. ఏటవాలు దాని చేతికి ఇంకా రాలేదు. అందుకని నాలుగు వరసలు అది, పై రెండు నేను. క్లాసు ఉన్నప్పుడు అది కిటికీ దగ్గరికి వెళ్లేది. అయిపోగానే అవిల్డా తన నోటుపుస్తకం తెచ్చి ఇచ్చేది, కనబడని సగం నల్లబల్ల అందులో ఉండేది. లిసాంద్ర దాన్ని మోకాలి మీద పెట్టుకుని, అల్లుతూ పైకి చదివేది. ఏ మూలకం దేంతో కలుస్తుందో, ఎన్నిటితో కలుస్తుందో. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వినడానికి బాగుండేది.

శనివారం ప్రొవి పైకి రాలేదు. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వరండాకు వచ్చింది. మమ్మల్ని ఇద్దర్నీ చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"డాక్టరు చదువంటే ఇదా? మా నాన్న పని నేర్పడానికి యూనివర్సిటీ ఎందుకు, ఇంట్లోనే నేర్చుకునేదిగా," అంది.

అని, చెప్పులు విడిచి కూర్చుంది. ఆ పగిలిన వేళ్లతో తడి పేము పట్టుకుంటే మండుతుందని నాకు తెలుసు. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. నా చెయ్యి పక్కకు తోసింది. సాయంత్రం దాకా అంచులు కట్టింది.

కిటికీ దగ్గరివాళ్లు రోజురోజుకీ తగ్గారు. ఎండకు కొందరు, విసుగుకు కొందరు. ఒకడు వ్యవసాయం కోర్సుకు మారిపోయాడు. ఆఖరి గురువారానికి లిసాంద్రతో కలిపి ఐదుగురు మిగిలారు. మిగతా నలుగురూ మా చుట్టూ చేరి పేము నానబెట్టడం, సీలలు అందించడం చేసేవాళ్లు. వాళ్లకు చేతకాక రెండుసార్లు బకెట్టు తన్నేశారు కూడా.

శుక్రవారం క్లాసు గంట కొట్టేసరికి నాలుగు కుర్చీలు పూర్తయ్యాయి. ఐదోదానికి ఆఖరి ఏటవాలు మిగిలిపోయింది, అంచు కూడా కట్టలేదు. పేము కొసలు గడ్డంలా కిందికి వేలాడుతున్నాయి.

ఐదింటినీ లోపలికి మోసి వరసగా పెట్టాం. ఇరిసారి ఒక్కో కుర్చీనీ అరచేత్తో నొక్కి చూశాడు. ఐదోదాని దగ్గర ఆగాడు.

"ఇది పూర్తి కాలేదు కదా, దోన్ కసియానో?" మొదటిరోజు పెద్దాయనా అన్నవాడు, ఇప్పుడు నా పేరుకు ముందు మర్యాదగా దోన్ తగిలించాడు.

"సోమవారానికి అవుతుంది," అన్నాను.

"సంతకం ఇవాళే కదా పెట్టాలి. కూర్చుంటే ఆగుతుందా?"

"ఎలా కూర్చోవాలో తెలిసినవాళ్లయితే ఆగుతుంది."

పూర్తయిన నాలుగింటిలో ఒకదాన్ని లిసాంద్ర కోసం నేను కిటికీ పక్కన, నల్లబల్ల బాగా కనబడేచోట పెట్టాను. అది దాన్ని చూసింది. అదెవరి కోసమో దానికి తెలుసు. తన వెనక నిలబడ్డ బొద్దుపాటి కుర్రవాణ్ణి భుజం పట్టుకుని అందులో కూర్చోబెట్టింది. మిగతా ముగ్గురూ కూర్చునేదాకా ఆగింది. తర్వాత ఐదోదాని దగ్గరికి వచ్చి, ముందు అంచు మీద బరువు వేసి, మెల్లిగా వెనక్కి జరిగి కూర్చుంది. మా ఇంట్లో సగం అల్లిన కుర్చీల మీద పెరిగిన పిల్ల. పేము కిర్రుమంది, ఆగింది.

ముందు వరసలో ఉన్న అవిల్డా వెనక్కి తిరిగి నవ్వింది. ఇరిసారి జేబులోంచి కలం తీసి ఐదు కాగితాలు అడిగాడు.

నేను బకెట్టు తీసుకుని తలుపు వైపు నడిచాను. ఎనభై మంది పైగా ఉన్న గది. పాఠం మొదలు కాబోతోంది.

"తాతా," అని పిలిచింది. తిరిగాను. కుర్చీలోంచి లేవలేదు, లేస్తే పేము జరుగుతుందని. అక్కడి నుంచే అంది. "దీవించు తాతా."

అందరూ చూస్తున్నారు. ప్రొఫెసరు కూడా సుద్దముక్క పట్టుకుని ఆగాడు. అందరి ఇళ్లలోనూ ఉన్న మాటే కాబట్టి ఎవరూ నవ్వలేదు.

"దేవుడు చల్లగా చూస్తాడు తల్లీ," అన్నాను.

సోమవారం క్లాసు లేని వేళ చూసి వెళ్లి ఆఖరి వరస వేసి, అంచు కట్టి వచ్చాను. ఇంటికొచ్చేసరికి అట్ట గోడ మీదికి తిరిగి ఎక్కింది, పాత మేకుల కంతల్లోనే.

మరుసటి ఆగస్టులో రెండో కెమిస్ట్రీకి కార్డు తీసుకోవాల్సి వచ్చింది. నేనూ వస్తానన్నాను. తీసుకెళ్లింది. కానీ లైన్లో నిలబెట్టలేదు. హాలు పక్కన నీడ చూసి ఒక కుర్చీ వేసి, అవిల్డా బిడ్డను నా ఒళ్లో పెట్టి, ఇద్దరూ కలిసి లైన్లోకి వెళ్లారు.